కొత్త ఇంజెక్షన్ సరే, బ్యాగులో ఇన్‌హేలర్ ఉందా?



మొన్నటి పేరెంట్స్ మీటింగులో ఏడో తరగతి అబ్బాయి వాళ్లమ్మగారు మార్కుల సంగతి మాట్లాడటం అయిపోయాక, చుట్టూ చూసి గొంతు తగ్గించి ఒక మాట అడిగారు. "మేడమ్, మీరు బయాలజీ చెప్తారు కదా. ఆస్తమాకి ఏదో కొత్త ఇంజెక్షన్ వచ్చిందట. అది వేయిస్తే ఇక పంపు పీల్చే పనే ఉండదని మా చెల్లెలు అమెరికా నుంచి ఫోన్ చేసి చెప్పింది. నిజమేనా?"

వాళ్లబ్బాయికి ఆస్తమా ఉందని నాకు తెలిసింది అప్పుడే. రెండేళ్లుగా నా క్లాసులోనే కూర్చుంటున్నాడు. క్లాస్ టీచరుకూ తెలియదు, పీఈటీ సారుకూ తెలియదు. అడ్మిషన్ ఫారంలో ఆరోగ్య సమస్యలు అన్న చోట 'ఏమీ లేవు' అని రాసి ఉంది. మర్నాడు బాబుని పక్కకి పిలిచి అడిగితే తల దించుకుని చెప్పాడు: "ఇన్‌హేలర్ ఇంట్లోనే ఉంటుంది మేడమ్. స్కూలుకి తెస్తే అందరూ పేషెంట్ అంటారని అమ్మ వద్దంది. గేమ్స్ పీరియడ్‌లో ఆయాసం వస్తే కాలు నొప్పి అని చెప్పి కూర్చుంటాను."

ఆ తల్లిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మా అమ్మాయికి ఐదేళ్లప్పుడు డాక్టరుగారు ఇన్‌హేలర్ రాస్తే నేనూ ఆర్నెల్లు అల్మారాలోనే పెట్టాను. "ఒకసారి మొదలుపెడితే జన్మలో మానలేదు, ఆడపిల్ల కూడానూ" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటే, బయాలజీ చదివిన నేనూ తలూపాను. సిరప్‌లతో, నెబ్యులైజర్‌తో నెట్టుకొచ్చాను. చివరికి ఒక చలికాలం రాత్రి పిల్ల మాట కూడా పూర్తి చేయలేక ఎగశ్వాస తీస్తుంటే, ఆసుపత్రికి వెళ్లే దారిలో నాకు తెలిసొచ్చింది నేను భయపడాల్సింది దేనికో. అందుకే ఆ తల్లి అడిగిన ప్రశ్నకు ఇక్కడ అందరికీ కలిపి జవాబు చెప్పాలనుకున్నాను.

ముందు ఇంజెక్షన్ల సంగతి. అవి నిజమే, వట్టి ప్రచారం కాదు. అలర్జీ అంటే శరీరంలో బలం లేకపోవడం కాదు. దుమ్ములోని కంటికి కనపడని పురుగులు, వయ్యారిభామ పుప్పొడి, పిల్లి నూగు, వేరుశనగ వంటి వాటిని మన రోగనిరోధక వ్యవస్థ శత్రువులుగా పొరబడి యుద్ధానికి దిగడం. ఆ యుద్ధంలో ముఖ్యమైన ఆయుధం ఐజీఈ అనే యాంటీబాడీ. 1960ల చివర్లో అమెరికాలో పనిచేస్తున్న జపాన్ శాస్త్రవేత్తలు ఇషిజాకా దంపతులూ, స్వీడన్‌లో జొహాన్సన్, బెన్నిచ్‌లూ విడివిడిగా దీన్ని కనిపెట్టారు. కొత్త మందులు నేరుగా ఇలాంటి ఆయుధాల మీదే పనిచేస్తాయి. ఒమాలిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఐజీఈని పట్టుకుని పనిచేయకుండా చేస్తుంది. మెపోలిజుమాబ్, డుపిలుమాబ్ శ్వాసనాళాల్లో వాపును పెంచే ఇతర సంకేతాలను అడ్డుకుంటాయి. బిడ్డ బరువును, రక్తపరీక్షలను, మందు రకాన్ని బట్టి రెండు వారాలకో, నాలుగు వారాలకో ఒకసారి చర్మం కింద ఇస్తారు. ఈ మూడింటికీ ఆరేళ్లు దాటిన పిల్లల ఆస్తమాలో వాడేందుకు అమెరికాలో అనుమతి ఉంది.

ఆహార అలర్జీలోనూ మంచి కబుర్లున్నాయి. వేరుశనగ పడని పిల్లలకు దాన్నే అతి తక్కువ మోతాదులో మొదలుపెట్టి, డాక్టర్ల పర్యవేక్షణలో మెల్లగా పెంచుతూ శరీరానికి అలవాటు చేసే పొడి మందుకు 2020లో అమెరికా అనుమతి ఇచ్చింది. ఒమాలిజుమాబ్‌ను 2024లో ఆహార అలర్జీకీ అనుమతించారు. దానికి ఆధారమైన పరీక్షల్లో, ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 67 శాతం మంది సుమారు రెండున్నర వేరుశనగ గింజలంత ప్రొటీన్‌ను తట్టుకోగలిగారు. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 7 శాతం మందే తట్టుకున్నారు. పొరపాటున ఒక ముక్క నోట్లో పడితే ఏమవుతుందోనని రోజూ బిక్కుబిక్కుమనే తల్లికి ఇది చిన్న విషయం కాదు.

అయితే ఈ మందులేవీ జబ్బును వేళ్లతో సహా పెకలించవు. వాడినంతకాలం అదుపులో ఉంచుతాయి. వేరుశనగ పొడి మానేస్తే అలవాటైన ఓర్పు తగ్గిపోవచ్చు. ఒమాలిజుమాబ్ తీసుకుంటున్న పిల్లలు కూడా పడని ఆహారానికి దూరంగానే ఉండాలి. ఆ ఇంజెక్షన్‌కే తీవ్రమైన అలర్జీ వచ్చే అవకాశం కొద్దిమందిలో ఉంది కాబట్టి మొదటి డోసులు ఆసుపత్రిలోనే ఇచ్చి కాసేపు కూర్చోబెడతారు. ఖర్చు కూడా మన దగ్గర నెలకు పదుల వేల రూపాయల దాకా వెళ్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. ప్రపంచవ్యాప్తంగా డాక్టర్లు అనుసరించే మార్గదర్శకాల్లో ఈ ఇంజెక్షన్లు చివరి మెట్టు. ఇన్‌హేలర్ సరిగ్గా, క్రమం తప్పకుండా వాడినా అదుపులోకి రాని తీవ్రమైన ఆస్తమాకే అవి. అలాంటి పిల్లలు కొద్దిమందే. మెట్లు ఎక్కకుండా మేడ మీదికి దూకాలనుకుంటే కుదరదు.

మన ఆశ ఎలాంటిదో నాకు తెలుసు. ఏటా మృగశిర కార్తెకి హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం కోసం వేలమంది వరుసల్లో నిలబడతారు. వాళ్ల విశ్వాసాన్ని నేను తక్కువ చేయను. కానీ చేప ప్రసాదమైనా, అమెరికా ఇంజెక్షనైనా, మనం కోరుకునేది ఒకటే: ఒక్కసారితో పీడ వదిలిపోవాలి, ఆ ఇన్‌హేలర్ ఎవరి కంటా పడకూడదు. ఆ కోరికే పిల్లల ప్రాణం మీదికి తెస్తోంది. అంతర్జాతీయ అంచనాల ప్రకారం ప్రపంచంలోని ఆస్తమా రోగుల్లో మనవాళ్లు సుమారు 13 శాతం. ఆస్తమా మరణాల్లో మాత్రం 40 శాతానికి పైగా మన దేశంలోనే. మన జబ్బు వేరేది కాదు. రోజువారీ ఇన్‌హేలర్ వాడకం మన దగ్గర మరీ తక్కువ కావడం ఇందుకు ఒక పెద్ద కారణం.

ఇన్‌హేలర్ మీద మనకున్న భయాలను ఒక్కొక్కటిగా చూద్దాం. "మందు ఎక్కువ డోసు" అంటారు. సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. అదే మందు 2 మిల్లీగ్రాముల మాత్రలో దానికి ఇరవై రెట్లు. మాత్ర ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి, ఇన్‌హేలర్ నేరుగా అక్కడికే వెళ్తుంది. "అలవాటు పడిపోతారు" అంటారు. కళ్లద్దాలకు అలవాటు పడటం లాంటిదే అది. అవసరమున్నంతకాలం వాడతాం, డాక్టరు తగ్గించమన్నప్పుడు తగ్గిస్తాం. "స్టెరాయిడ్, ఎదుగుదల ఆగిపోతుంది" అంటారు. ఇందులో కొంత నిజముంది కనుక దాచను. పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించిన ఒక అమెరికా అధ్యయనం 2012లో వచ్చింది. రోజూ స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడినవారి ఎత్తు, వాడనివారి కంటే సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ. ఊపిరాడని రాత్రుల పక్కన ఆ సెంటీమీటరును పెట్టి చూడండి.

ఇంకో మాట. ఆ స్టెరాయిడ్ ఇన్‌హేలర్ చేసేది కూడా రోగనిరోధక వ్యవస్థ రేపిన వాపును చల్లార్చడమే. కొత్త ఇంజెక్షన్లు వెళ్లే దారిలోనే, తక్కువ ఖర్చుతో అది ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే పీల్చే సాల్బుటమాల్ నాళాలను తెరుస్తుంది కానీ వాపును తగ్గించదు. చాలా ఇళ్లలో అదొక్కటే వాడి, మందు పనిచేయడం లేదని విసుగు పడుతున్నారు.

మీ బిడ్డకి వారంలో రెండుసార్లకు మించి ఆయాసం వస్తోందా? రాత్రిళ్లు దగ్గుతో లేస్తోందా? ఆటలు మానేసి పక్కన కూర్చుంటోందా? వీటిలో ఏది అవునైనా ఆస్తమా అదుపులో లేనట్టే. ముందు డాక్టరు ఎదుట బిడ్డ చేత ఇన్‌హేలర్ వాడించి చూపించండి. స్పేసర్ లేకుండా పీల్చడం, ఊపిరి బిగబట్టకపోవడం వంటి చిన్న తప్పులకే సగం మందు గొంతులో ఉండిపోతుంది. అన్నీ సరిగ్గా వాడుతున్నా మాటిమాటికీ ఆసుపత్రి పాలవుతుంటే, అప్పుడు వెనకాడకుండా కొత్త ఇంజెక్షన్ల గురించి అడగండి. ఆ పిల్లల కోసమే అవి వచ్చాయి.

మారాల్సింది ఇళ్లలోనే కాదు, స్కూళ్లలోనూ ఉంది. మందులన్నీ ఆఫీసులో అప్పగించాలన్న నియమం మాత్రలకు మంచిదే. ఊపిరాడని పిల్లవాడు మూడంతస్తులు దిగి, తాళం తీసేదాకా ఎదురు చూడాలనడం మాత్రం మంచిది కాదు. ఇన్‌హేలర్‌ను బ్యాగులోనే ఉంచుకోనివ్వాలి, గ్రౌండుకీ తీసుకెళ్లనివ్వాలి. ప్రతి పీఈటీ సారుకూ, బస్సు ఆయాకూ ఈ నాలుగు ముక్కలు నేర్పాలి: బిడ్డని నిటారుగా కూర్చోబెట్టు, స్పేసర్‌తో సాల్బుటమాల్ నాలుగు పఫ్‌లు ఒక్కొక్కటిగా ఇయ్యి, ఒక్కో పఫ్‌కి నాలుగుసార్లు ఊపిరి పీల్చనియ్యి, నాలుగు నిమిషాలు ఆగు. తగ్గకపోతే 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా అలాగే ఇస్తూ ఉండు. మన యాజమాన్యం ఇది వచ్చే టర్ములోగా చేయాలని ఒక టీచరుగా, ఒక తల్లిగా కోరుతున్నాను.

మీ వంతుగా చేయాల్సింది మూడు పనులు. అడ్మిషన్ ఫారంలో 'ఏమీ లేవు' అని రాసి ఉంటే క్లాస్ టీచరుకి ఫోన్ చేసి సరిదిద్దించండి. డాక్టరు దగ్గర మందుల పేర్లు, అత్యవసరంలో ఏం చేయాలో ఒక కాగితం మీద రాయించి పంపండి. బిడ్డ బ్యాగులో పేరు రాసిన ఇన్‌హేలర్, స్పేసర్ పెట్టండి.

ఆ ఏడో తరగతి అబ్బాయి వాళ్లమ్మగారు మరుసటి సోమవారం కాగితం పంపారు, ఇన్‌హేలర్ కూడా పంపారు. వాడు మొన్న కబడ్డీకి ముందు గ్రౌండు పక్కన నిలబడి అందరి ముందే రెండు పఫ్‌లు పీల్చుకున్నాడు. పక్కనున్న పిల్లవాడు అడిగింది ఒక్కటే: "అయిపోయిందా? రారా, మనమే కూతకెళ్లాలి."