లేతు మిషన్ తుక్కు కింద పోతే నష్టం ఎవరికి?

మా మండల కేంద్రంలో మూడు లేతు షాపులుండేవి. ఇప్పుడు ఒక్కటే మిగిలింది. మూతబడ్డ ఒక షాపులోని మిషన్ను పాత ఇనుము వ్యాపారి కిలోల లెక్కన బేరమాడుతుంటే సంఘం తరఫున మేం అడ్డుపడ్డాం. "గిట్టుబాటు ధర గొడవ చాలదా, ఈ ఇనుము గొడవ కూడా మీకెందుకు?" అని కొందరు అడిగారు. ఇదీ రైతు గొడవే.

బోరు మోటారు షాఫ్టు అరిగినా, రోటవేటరు బుష్ పోయినా, దమ్ము చక్రం హబ్ పగిలినా మనం పరిగెత్తేది లేతు దగ్గరికే. పాత మోడలుకు కొత్త పార్టు దొరకదు. దొరికితే చెప్పిందే ధర. మండలంలో లేతు లేకపోతే పట్నం పోవాలి. పోవడానికి ఒక రోజు, పని అయ్యేదాకా ఇంకో రోజు. ఈలోపు నారు ముదురుతుంది, మాట్లాడుకున్న కూలీలు పక్క పొలానికి పోతారు. సాగు ఖర్చు లెక్కగట్టే పెద్దలెవరూ ఈ రెండు రోజుల్ని లెక్కలోకి తీసుకోరు.

మేం ఆపిన మిషన్ ఆయిల్ ఇంజన్ కాలం నాటిది. పైన లైన్ షాఫ్టు, దాని నుంచి పట్టా బెల్టు. ఇంజన్ ఎప్పుడో పోయింది గానీ పోత ఇనుము బెడ్డు అంత తేలిగ్గా చావదు. పనంతా చక్ దగ్గరే జరుగుతుంది కాబట్టి అక్కడ అరుగుతుంది, అటు చివర దాదాపు కొత్తదానిలాగే ఉంటుంది. గన్‌మెటల్ బుష్‌లు మళ్లీ పోత పోయించుకోవచ్చు. క్రాస్ స్లైడు నట్టు ఇంకో లేతు మీద చేయించుకోవచ్చు. మనం గడియారాలు చేయబోవడం లేదు, పంపు షాఫ్టు నిలబడితే చాలు.

మోటారు బిగించే దగ్గర మాత్రం తొందర పనికిరాదు. మామూలు మోటారు నిమిషానికి 1,440 చుట్లు తిరుగుతుంది. ఆ వేగం నేరుగా ఇస్తే పాత బుష్‌లు కాలిపోతాయి. మోటారుకు 3 అంగుళాల పుల్లీ, మధ్య షాఫ్టుకు 12 అంగుళాల పుల్లీ వేస్తే వేగం 360కి దిగుతుంది. అక్కడి నుంచి మిషన్‌కు పాత పట్టా బెల్టే ఉంచాలని మా మేస్త్రీ పట్టుబట్టాడు. టూలు ఇరుక్కుంటే ఆ బెల్టు జారుతుంది, గేరు పళ్లు మిగులుతాయి. మరలతో బిగించే చక్ ఉన్న మిషన్ను తిరుగుతుండగా ఒక్కసారిగా రివర్సు చేస్తే చక్ ఊడి మనిషి మీద పడుతుంది. అందుకే రివర్సు స్విచ్చి వద్దన్నాం.

ఇక కరెంటు. చాలా పల్లెల్లో ఇళ్ల లైను సింగిల్ ఫేజే. పంటకిచ్చే ఉచిత కరెంటు లేతుకు వాడకూడదు, వాడమని నేనూ చెప్పను. సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే డ్రైవులు వస్తున్నాయి, రెండు హెచ్‌పీ మోటారుకు సరిపోతాయి. అయితే అవి ఇచ్చేది 230 వోల్టులే కాబట్టి, స్టార్‌లో ఉన్న మోటారును వైండింగ్ షాపులో డెల్టాకు మార్పించాలి. ఇది తాత్కాలికమే. అసలు కావాల్సింది త్రీ ఫేజ్ కనెక్షన్. స్తంభాల ఖర్చు మీరే పెట్టుకోండి అంటే ఏ పల్లె షాపు బతుకుతుంది?

కేంద్రం 2014-15లో వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం తెచ్చింది. కొత్త యంత్రం కొనడానికి సబ్సిడీ వచ్చింది, కంపెనీల సరుకు అమ్ముడైంది. విరిగినప్పుడు బాగుచేసేవాడి సంగతి అడిగిందెవరు? 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేశారు, వ్యవసాయ పరికరాలనూ అందులో చేర్చారు. మంచిదే. కానీ పక్క ఊళ్లో లేతే లేనప్పుడు ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. ఐటీఐలో రెండేళ్లు టర్నర్ నేర్చిన మన పిల్లలు పట్నం ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కూలీలవుతున్నారు. మండలానికొక లేతును సహకార సంఘం గోదాములో పెట్టి, వీళ్లకు జీతమిచ్చి, రేట్ల బోర్డు కట్టమని మనం అడగాలి. అద్దె యంత్రాల కేంద్రాలకు ఇచ్చే డబ్బులో కొంత దీనికీ ఇవ్వాలి.

గ్రామ కమిటీలు ఈ నెలలో తమ పరిధిలోని లేతులెన్నో, నడిచేవెన్నో రాసి పంపాలి. నడవని వాటి బెడ్డు పొడవు, చక్ కొలత కూడా రాయండి. ఆరుబయట పడి ఉన్నవాటి బెడ్డుకు వానలు రాకముందే గ్రీజు పట్టించి, పైన టార్పాలిన్ కప్పండి.