సెప్సిస్‌: ఒక్క బీపీ అంకెను నమ్ముకుంటే ముప్పే

తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో వార్డులో చేరిన రోగికి ఉదయం రౌండ్లలో బీపీ 110/70 ఉందంటే బంధువుల మనసు కుదుటపడుతుంది. సెప్సిస్‌లో ఆ ధీమా సాయంత్రం దాకా నిలవకపోవచ్చు.

ఇన్ఫెక్షన్‌పై పోరులో శరీర స్పందన అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీయడం సెప్సిస్‌. రక్తనాళాలు సడలిపోతాయి, వాటి నుంచి ద్రవం బయటకు కారుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటూ కొంతసేపు బీపీని నిలబెడుతుంది. ఆ ఓపిక అయిపోగానే బీపీ పడిపోతుంది. సెలైన్‌ ఎక్కిస్తే పెరిగి, మళ్లీ తగ్గొచ్చు. పరిస్థితి చేజారుతోందనడానికి ఈ ఊగిసలాట ఒక హెచ్చరిక.

ఐసీయూలో అవసరమైతే ధమనిలో సన్నని గొట్టం అమర్చి క్షణక్షణం బీపీ చూస్తారు. జనరల్‌ వార్డులో చేతికి చుట్టే పట్టీయే ఆధారం. నర్సులు తక్కువగా ఉన్నచోట రెండు కొలతల మధ్య గంటలు గడిచిపోతాయి. 2020లో లాన్సెట్‌ ప్రచురించిన అధ్యయనం 2017లో ప్రపంచవ్యాప్తంగా 1.1 కోట్ల సెప్సిస్‌ సంబంధిత మరణాలను అంచనా వేసింది. వాటిలో సుమారు 29 లక్షలు భారత్‌లోనే.

అందరికీ ఒకే ‘నార్మల్‌’ ఉండదు. దేశంలో దాదాపు 22 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉంది. రోజూ 160 ఉండే వ్యక్తికి 110 అంటే పెద్ద పతనమే. సెప్టిక్‌ షాక్‌లో సగటు పీడనాన్ని తొలుత 65 వద్ద నిలపాలని 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. లక్ష్యాన్ని 80-85కు పెంచినా మరణాలు తగ్గలేదని 2014లో వెలువడిన ఫ్రాన్స్‌ పరిశోధన తేల్చింది. అయితే పాత బీపీ రోగుల్లో డయాలసిస్‌ అవసరం తగ్గింది.

బీపీ తగ్గగానే సెలైన్‌ గుమ్మరించడమూ పరిష్కారం కాదు. జాంబియాలో ఎక్కువగా హెచ్‌ఐవీ బాధితులపై జరిగిన పరీక్షలో ద్రవాలు, బీపీ పెంచే మందులు ముందుగానే, ఎక్కువగా ఇచ్చిన బృందంలో 48 శాతం మంది మరణించారు. సాధారణ చికిత్స పొందినవారిలో అది 33 శాతమే. 2017లో వచ్చిన ఈ ఫలితం, సంపన్న దేశాల పద్ధతిని వెంటిలేటర్లు, ఐసీయూలు కరవైన చోట యథాతథంగా అమలుచేస్తే ప్రమాదమేనని హెచ్చరించింది.

కాబట్టి జిల్లా ఆస్పత్రులకు ముందు కావాల్సింది ఖరీదైన యంత్రం కాదు. బీపీని తరచూ కొలిచి, మూత్రం పరిమాణం, శ్వాస వేగం, తెలివితో పాటు ఒకే చార్టులో నమోదు చేసే నర్సు, ఆమె పిలిస్తే వచ్చే డాక్టరు. రోగికి మామూలుగా బీపీ ఎంతుంటుందో, ఏ మాత్రలు వాడుతున్నారో బంధువులు చేరిన రోజే చెబితే, ఆ చార్టులోని అంకెలకు అర్థం దొరుకుతుంది.