అందరికీ నచ్చే మాట

ఖమ్మం నుండి భద్రాచలం వరకు ప్రచార రథం ఒకటే, సభలు మాత్రం వేరు. పట్టణంలో కళాశాల యువత, మస్జిద్ వీధుల్లో మనవారు, గోదావరి దాటగానే రామాలయ భక్తులు, అడవి అంచున కోయ గూడేలు. వీరందరి ఓట్లూ కావలసిన పార్టీ, చిక్కు ప్రశ్న ఎదురైనప్పుడు ఎవరినీ నొప్పించని మాటనే వెతుక్కుంటుంది. అటువంటి మాటను గుర్తుపట్టడం ఎలాగో, స్వలింగ వివాహాల చర్చను ఉదాహరణగా తీసుకొని ఈ నెల పరిశీలిద్దాం.

మన విశ్వాసాన్ని దాచుకోవలసిన అవసరం లేదు. నికాహ్ స్త్రీపురుషుల మధ్య జరిగే ఒడంబడిక. దీనితో ఏకీభవించని పౌరులు తమ కోరికను సుప్రీంకోర్టు ముందు బాహాటంగానే వినిపించారు. ఉభయుల మాటలోనూ స్పష్టత ఉంది. అది లోపించినది ఓట్లు అడిగేవారి మాటలోనే.

2018లో 377వ సెక్షన్‌పై విచారణ జరిగినప్పుడు, సమ్మతితో కూడిన వయోజనుల సంబంధాల విషయాన్ని న్యాయస్థానం విజ్ఞతకే వదిలివేస్తున్నామని కేంద్ర ప్రభుత్వం తెలిపింది. సెప్టెంబరు 6న కోర్టు వాటిని నేర పరిధి నుండి తొలగించింది. ఆ తీర్పు నచ్చినవారితో ‘మేము అడ్డుపడలేదు’ అనవచ్చు, నచ్చనివారితో ‘నిర్ణయం మాది కాదు’ అనవచ్చు. వివాహం ప్రస్తావన వచ్చేసరికి అదే ప్రభుత్వం, ఇది పార్లమెంటు తేల్చవలసిన విషయమని వాదించింది.

2023లో కేంద్రం ఈ విషయమై రాష్ట్రాల అభిప్రాయం కోరింది. మే నెలలో సుప్రీంకోర్టుకు నివేదించేనాటికి బదులిచ్చినవి 7 రాష్ట్రాలే. ఆంధ్రప్రదేశ్, అస్సాం, రాజస్థాన్ వ్యతిరేకించాయి. తక్కిన 4 రాష్ట్రాలు గడువు కోరాయి. భద్రాచలం పొలిమేర దాటితే ఆంధ్రప్రదేశ్, అక్కడి ప్రభుత్వం తన మాట చెప్పింది. పొలిమేరకు ఇవతల ఉన్న తెలంగాణ పేరు ఆ జాబితాలోనే లేదు. మౌనం కూడా ఒక విధమైన పదప్రయోగమే!

రాజస్థాన్‌లో అప్పుడు అధికారంలో ఉన్నది కాంగ్రెస్. అదే పార్టీ 2024 ఎన్నికల ప్రణాళికలో, విస్తృత సంప్రదింపుల అనంతరం ఇటువంటి జంటల సహజీవనానికి గుర్తింపునిచ్చే చట్టం తెస్తామన్నది. ‘చట్టం’ అనే మాట ఒక వర్గం కోసం, ‘సంప్రదింపుల అనంతరం’ అనే మాట మరొక వర్గం కోసం. సి.పి.ఎం. తన 2019 ప్రణాళికలో ఈ గుర్తింపును సూటిగానే కోరింది. ఆ పార్టీని పలుమార్లు గెలిపించిన భద్రాచలం ప్రాంతంలో ఆ పుటను ఎవరైనా చదివి వినిపించారా? అక్కడి పాఠకులే విచారించాలి.

ఇదంతా మనకెందుకని అనుకోరాదు. ఇదే ఉపాయం మన విషయంలోనూ ప్రయోగించబడింది. 2014 ఎన్నికలలో ముస్లింలకు 12 శాతం రిజర్వేషన్ల వాగ్దానం విన్నాము. 2017 ఏప్రిల్ 16న మన కోటాను 4 నుండి 12 శాతానికి, గిరిజనుల కోటాను 6 నుండి 10 శాతానికి పెంచే బిల్లును తెలంగాణ శాసనసభ ఆమోదించి ఢిల్లీకి పంపింది. ‘మా పని మేము చేశాము, ఇక కేంద్రమే తేల్చాలి’ అన్న సమాధానంతో ఏళ్ళు గడిచాయి. గిరిజనుల 10 శాతం 2022లో రాష్ట్ర ఉత్తర్వుతోనే అమలులోకి వచ్చింది. మన 12 శాతం కాగితంపైనే మిగిలింది. కళాశాల సీటు కోసం ఎదురుచూసిన బిడ్డకు అస్పష్టమైన మాట ఖరీదు ఏమిటో తెలుసు.

కనుక ఓటు అడగవచ్చిన వారిని మూడు ప్రశ్నలు అడుగుదాం. ఈ పని ఎవరు చేస్తారు? ఎప్పటిలోగా చేస్తారు? పక్క ఊరి సభలోనూ ఇదే మాట చెబుతారా? ఒక వర్గాన్ని అవహేళన చేసి మన చప్పట్లు కోరే నాయకుడు సైతం ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పినట్లు కాదు. ఎవరి ప్రాణానికైనా, గౌరవానికైనా హాని తలపెట్టే మాటకు మనం తలూపరాదు.

సూటిగా, సత్యంగా మాట్లాడాలన్నది దివ్యఖుర్‌ఆన్ అహ్‌జాబ్ సూరాలో విశ్వాసులకు ఇవ్వబడిన ఆదేశం. నాయకులను సూటి మాట కోరే ముందు మన ఇళ్ళలో, మన జమాఅత్‌లలో దానిని అలవరచుకుందాం.