బొమ్మ మాట వినాలి

ఎనిమిది నిమిషాలకి అర సెకను తేడా. చెప్పుకోడానికి ఏమంత పెద్దది కాదు. కానీ స్టేజి మీద పదిమంది పిల్లలు, వాళ్ళ వెనకాల పెద్ద ఎల్ఈడీ తెర, ఆ తెర మీద సూత్రధారుడు... ఆయన మాట పూర్తయిపోయాక కూడా పెదాలు కదులుతూనే ఉంటే ఎలా ఉంటుందో 2012లో ఒక నృత్యనాటకం వెనకాల లాప్‌టాప్ ముందు కూర్చుని స్వయంగా చూశాను.

సూత్రధారుడు తెర మీద చెయ్యి ఎత్తగానే పిల్లలు లోపలికి రావాలి. వాళ్ళు అలాగే వచ్చారు. పాట మాత్రం అప్పటికే మొదలైపోయింది. నిమిషానికి 120 దెబ్బల నడకలో అర సెకనంటే సరిగ్గా ఒక దెబ్బ. ఆ ఒక్క దెబ్బ అందుకోవడానికి పాపం ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ తడబడ్డారు. అయిపోయాక మాస్టారు నా దగ్గరికొచ్చి, "పిల్లలు తప్పు వేశారు బాబూ, ఇన్ని రోజులు ప్రాక్టీసు చేయించాను" అని నాకే సంజాయిషీ ఇచ్చారు. తప్పు పిల్లలది కాదు మాస్టారూ, నా కోడ్‌ది అని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

సంగతేమిటంటే, మేము రాసుకున్న ఆ ప్లేబ్యాక్ సాఫ్ట్‌వేర్ పుట్టు మూగది. తిరిగే చక్రాలు, పడే పువ్వులు లాంటి లూపులు తెర మీద ఆడించడానికి రాసింది. దానికి శబ్దంతో పనేముంది? తర్వాత ఎవరో "ఆడియో కూడా కలిపేస్తే పోలా, రెండ్రోజుల పనేగా" అన్నారు. సిగ్గులేకుండా నేనూ ఔనన్నాను. వీడియో ఫైలు సెకనుకి 30 ఫ్రేములు. తెర రెండుసార్లు రిఫ్రెష్ అయినప్పుడల్లా ఒక ఫ్రేము మార్చడం నా పద్ధతి. ఆడియోని సౌండ్ కార్డుకి అప్పజెప్పేశాను, అది సెకనుకి 48,000 శాంపిళ్ళ లెక్కన దాని దారిన అది పోతుంది. ఇద్దర్నీ ఒకేసారి పరుగు మొదలుపెట్టించి, ఆ తర్వాత ఎవరెక్కడున్నారో చూసిన పాపాన పోలేదు.

ఆఫీసులో మానిటర్ 60 హెర్ట్జ్. ఆ రోజు తెర వాళ్ళు పెట్టుకున్నది 59.94. తేడా వెయ్యికి ఒక వంతు. అంటే నిమిషానికి 60 మిల్లీసెకన్లు, ఎనిమిది నిమిషాలకి 480. మేము టెస్ట్ చేసేది అర నిమిషం క్లిప్పులతో, ఇంకేం దొరుకుతుంది!

"రెండు వైపులా 60 పెట్టుకుంటే సరిపోయేదిగా" అంటారేమో. సరిపోదు. గ్రాఫిక్స్ కార్డులో ఒక క్రిస్టల్, సౌండ్ కార్డులో ఇంకో క్రిస్టల్. రెండిటి మధ్య పది లక్షలకి 50 వంతుల తేడా ఉన్నా గంటకి 180 మిల్లీసెకన్లు. రెండు గడియారాలున్న ఇంట్లో సరైన టైము ఎవరికీ తెలియదన్నట్టు, ఎవరో ఒకరి మాట ఖాయం చెయ్యాల్సిందే.

నా అభిప్రాయంలో అది ఆడియో గడియారమే కావాలి. సౌండ్ కార్డు ఇప్పటిదాకా ఎన్ని శాంపిళ్ళు వినిపించిందో అడుగు, దానికి ఏ ఫ్రేము సరిపోతుందో ఆ ఫ్రేము చూపించు. అవసరమైతే ఒక ఫ్రేము ఎగరగొట్టు, లేదా రెండోసారి చూపించు. సెకనుకి ముప్ఫైలో ఒక ఫ్రేము పోతే కన్ను చాలాసార్లు పట్టించుకోదు. అదే బొమ్మ కోసం ఆడియోలో ఒక ముక్క కోసి చూడండి, టప్‌మని వినిపిస్తుంది. పైగా స్టేజి స్పీకర్లలో ఆ చప్పుడు హాలంతా ఉలిక్కిపడేలా వస్తుంది. చెవికి కన్నంత ఓర్పు లేదు.

దీనికి మా టీములో ఒకాయన మంచి ప్రశ్నే వేశాడు: మరి డీటీఎస్ సంగతేంటి? 1993లో జురాసిక్ పార్క్‌తో వచ్చిన ఆ పద్ధతిలో శబ్దం సీడీరాముల్లో ఉండేది, ఫిల్ము అంచున టైమ్‌కోడ్ ముద్రించి ఉండేది. రీలు తెగి నాలుగు ఫ్రేములు పోయినా, టైమ్‌కోడ్ చదివి శబ్దమే వెళ్ళి బొమ్మని కలుసుకునేది. అంటే అక్కడ బొమ్మదే పెత్తనం. నిజమే. కానీ ప్రొజెక్టర్ మోటారుకి మనం కోడ్ రాయలేం కదా :-) మాట వినని వాడి వెనకే మిగతావాళ్ళు నడవాలి. మన సాఫ్ట్‌వేర్లో మాట వినేది బొమ్మ. పెద్ద స్టూడియోల్లో అయితే ఈ గొడవే లేదు, జెన్‌లాక్ పెట్టి ఆడియోకీ వీడియోకీ ఒకే గడియారం ఇస్తారు. కళ్యాణ మండపంలో అద్దె లాప్‌టాప్‌కి ఆ భాగ్యం ఎక్కడిది?

ఇంతటితో అయిపోతే బానే ఉండును. తెర ప్రాసెసరూ, మధ్యలో స్విచ్చరూ కలిసి ఒక మూడు ఫ్రేములు ఆపుకున్నాయనుకోండి, 60 హెర్ట్జ్‌లో బొమ్మ 50 మిల్లీసెకన్లు ఆలస్యం. అంటే మాటే ముందు వినిపిస్తుంది, అదే పెద్ద చిక్కు. కాలవ అవతల చాకిరేవులో బట్ట బండని తాకడం ముందు కనిపించి, చప్పుడు తర్వాత వినిపిస్తే మనకి వింతగా ఉండదు. పుట్టినప్పటి నుంచీ అదే చూస్తున్నాం. చప్పుడు ముందొస్తే మాత్రం మెదడు ఒప్పుకోదు. ఐటీయూ 1998 సిఫార్సు బీటీ.1359 చెప్పేదీ ఇదే: శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తే పట్టేస్తాం, ఆలస్యమైతే 125 దాకా తెలియదు.

ఇంకో తిరకాసు. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది. స్టేజి స్పీకర్లకి 34 మీటర్ల వెనక కూర్చున్నవాళ్ళకి ఎలాగూ 100 మిల్లీసెకన్లు లేటు. అందుకని ఆడియోని ఎంత ఆపాలో లాప్‌టాప్ పక్కన కూర్చుని కాదు, హాల్లో మధ్య వరసలో కూర్చుని తేల్చాలి. మళ్ళీ స్టేజి మీద పిల్లలకి వినిపించే మానిటర్ స్పీకర్ల లెక్క వేరే.

తర్వాతి ఏడాది అదే మాస్టారి ప్రోగ్రాం. ముందురోజు సాయంత్రం ఖాళీ హాల్లో ఒక తెల్ల ఫ్రేము, దాంతోపాటు ఒక బీప్, సెకనుకొకసారి, గంటసేపు ఆడించాను. సౌండాయన ఇరవై నిమిషాలకే పారిపోయాడు. మాస్టారు మాత్రం చివరిదాకా ముందు వరసలో కూర్చుని, ప్రతి బీప్‌కీ మోకాలి మీద తాళం వేస్తూ ఉన్నారు. గంట అయ్యాక, "ఎక్కడా జారలేదు బాబూ" అన్నారు.