సంస్కృతిని నిందించే ముందు...

'ఫలానా వాళ్లకు పనిమీద శ్రద్ధ ఉండదు.' ఒక దేశం గురించో, ఒక ప్రాంతం గురించో, ఒక మతస్థుల గురించో ఈ మాట తేలికగా అనేస్తుంటారు. నిజమేనా అని ఆరా తీసేవారు తక్కువ.

1980లలో అమెరికాలో ఇలాంటి వాదనే బలంగా వినిపించింది. జపాన్ కార్ల పోటీకి అమెరికా కంపెనీలు తట్టుకోలేకపోతున్న రోజులవి. జపాన్ కార్మికుడికి సంస్థే కుటుంబమనీ, ఆ సంస్కారం అమెరికా కార్మికుడికి లేదనీ అన్నారు. జేమ్స్ లింకన్, ఆర్నే కాలెబర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్తలు ఈ వాదనను పరీక్షకు పెట్టారు. అమెరికాలోని ఇండియానాపొలిస్, జపాన్‌లోని అత్సుగి ప్రాంతాలలో 106 కర్మాగారాలకు చెందిన 8,302 మంది ఉద్యోగులను ప్రశ్నించారు. ఫలితాలు 1990లో గ్రంథంగా వెలువడ్డాయి. ఉద్యోగ సంతృప్తి జపాన్ వారిలోనే తక్కువగా కనిపించింది!

ఇందులో కొంత జవాబు చెప్పే తీరులోని తేడా కావచ్చు. తమ గురించి తగ్గించి చెప్పుకోవడం జపాన్‌లో మర్యాద. అంతా బాగుందనడం అమెరికాలో అలవాటు. కనుక రెండు సంస్కృతుల అంకెలను పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం తగదు. అయితే ఒక విషయంలో రెండు దేశాలూ కలిశాయి. నిర్ణయాలలో పాలుపంచుకునే అవకాశం ఉన్నచోట ఉద్యోగుల నిబద్ధత ఎక్కువగా ఉంది.

దీనికి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కర్మాగారమే సాక్ష్యం. జనరల్ మోటార్స్ ఆధ్వర్యంలో అది గైర్హాజరుకు, తగాదాలకు, నాసిరకం కార్లకు పేరుపడి 1982లో మూతపడింది. 1984లో టొయోటాతో ఉమ్మడిగా మళ్లీ తెరిచినప్పుడు చేరినవారిలో అత్యధికులు ఆ పాత కార్మికులే. యూనియన్ కూడా అదే. మారింది పని నడిపే పద్ధతి. చిన్న బృందాలు ఏర్పడ్డాయి, కార్మికుల సూచనలకు విలువ దక్కింది, లోపం కనబడితే తాడు లాగి మొత్తం పనిని ఆపించే అధికారం సామాన్య కార్మికుడి చేతికి వచ్చింది. కొద్దికాలంలోనే గైర్హాజరు బాగా తగ్గింది, కార్ల నాణ్యత పెరిగింది. పని ఒత్తిడిపై విమర్శలు అక్కడా లేకపోలేదు. కానీ 'పనికిరానివారు' అన్న ముద్ర మాత్రం అబద్ధమని తేలిపోయింది.

సంస్కృతి ప్రభావం లేదని కాదు. కానీ దాన్ని సాకుగా చేసుకుంటే యాజమాన్యం బాధ్యత మరుగున పడుతుంది. ముద్రలు మోస్తున్న సమాజాలు గుర్తుంచుకోవలసిన విషయమిది. మన పిల్లల గురించి ఎవరైనా ఆ మాట అంటే, నొచ్చుకుని ఊరుకోవద్దు. ఆ కార్యాలయంలో వారి మాట వినేవారున్నారా? పదోన్నతి న్యాయంగా దక్కుతోందా? తప్పును ఎత్తిచూపితే శిక్షిస్తున్నారా, అభినందిస్తున్నారా? ఈ ప్రశ్నలకు జవాబు అడగాలి. శ్రద్ధ గురించిన చర్చ అక్కడి నుంచే మొదలుకావాలి.