మొదటిదే బావుందా?

ముందే చెప్పేస్తున్నా. 'దృశ్యం 2' చూడనివాళ్ళూ, స్వీడన్ వాళ్ళ 'ద గర్ల్ హూ ప్లేడ్ విత్ ఫైర్' చూడనివాళ్ళూ ఇక్కడే ఆగిపోవచ్చు. ముడులన్నీ విప్పేయబోతున్నా. తర్వాత నన్ను తిట్టుకోవద్దు :)

సీక్వెల్ అనగానే మనవాళ్ళ నోట్లో ఒక తీర్పు రెడీగా ఉంటుంది. "ఎంతైనా మొదటిదే బావుంది." సగం మంది సినిమా చూడకముందే అనేస్తారు. నేనూ ఆ బాపతే.

2021 నవంబరు 25న దృశ్యం 2 ప్రైమ్‌లో వచ్చింది. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని అప్పుడు నేను బందర్లో మా ఇంట్లోనే ఉన్నా. ఆ ఆదివారం గుడివాడ నుంచి మా పిన్ని, పిన్ని కూతురు, అవనిగడ్డ నుంచి మావయ్య వచ్చారు. ల్యాప్‌టాప్ టీవీకి తగిలించి, పకోడీలు పెట్టుకుని అందరం కూర్చుని చూశాం. అయ్యాక మొదలైంది అసలు సినిమా.

మావయ్య: "మొదటి గంట కోసి పారేస్తే బ్రహ్మాండంరా. పోలీస్ స్టేషన్ తవ్వేదాకా కథే లేదు."

పిన్ని: "ఇదంతా జరిగే పనేనా? ఎవడిదో అస్థిపంజరం తెచ్చి మార్చేస్తాడా? ఆ కాటికాపరి, ఆ వాచ్‌మన్, అందరూ ఈయన చెప్పినట్టే చేస్తారా? వెంకటేష్ కాబట్టి సరిపోయింది."

మా అమ్మ మాత్రం గిన్నెలు సర్దుకుంటూ, "ఆ పెద్దపిల్ల ఇంక మామూలు మనిషవుతుందంటావా?" అంది. అందరం నవ్వాం. "సినిమాలో పిల్ల గురించి నీకెందుకమ్మా బెంగ" అన్నాను నేను.

నా అభిప్రాయమా? మొదటిదే బావుంది. అంతే.

ఈమధ్య ఆ స్వీడిష్ సినిమాలు వరసగా చూశాక ఆ మాట మీద నాకే అనుమానమొచ్చింది. స్టీగ్ లార్సన్ అనే జర్నలిస్టు రాసిన నవలలవి. ఆయన 2004లోనే పోయాడు, మొదటి నవల 2005లో వచ్చింది. స్వీడిష్‌లో దాని పేరుకి అర్థం 'ఆడవాళ్ళని ద్వేషించే మగవాళ్ళు'. ఇంగ్లీషులోకి వచ్చేసరికి డ్రాగన్ టాటూ ఉన్న అమ్మాయి అయిపోయింది. అంటే రచయిత ఎవరిని వేలెత్తి చూపించాడో వాళ్ళు పేరులోంచి తప్పుకున్నారు, అమ్మాయి వీపు మీది పచ్చబొట్టు మిగిలింది.

మొదటి సినిమా 2009 ఫిబ్రవరిలో వచ్చింది. 1966లో ఒక దీవిలో మాయమైపోయిన అమ్మాయి ఏమైంది అన్నదే కథ. పాత ఫొటోలు, పాత డైరీ, ఒక పెద్ద కుటుంబం, అందరి మీదా అనుమానం. మంచి పజిల్. రెండోది అదే ఏడాది సెప్టెంబరులో వచ్చింది. దర్శకుడు మారాడు. ఆప్లెవ్ పోయి ఆల్ఫ్రెడ్‌సన్ వచ్చాడు. పైగా తర్వాతి రెండు భాగాలూ మొదట టీవీ కోసం అనుకున్నవి. ఆ తేడా తెరమీద కనిపిస్తుంది కూడా.

దాని గురించి చూసినవాళ్ళు అనేవి వింటే మా ఇంట్లో మాటలే గుర్తొస్తాయి. పజిల్ లేదు, హీరో హీరోయిన్ చివరిదాకా కలవరు, దెబ్బ తగిలినా నొప్పి తెలియని ఆ ఆజానుబాహుడు ఏంటి, అమ్మాయి తలలో బుల్లెట్‌తో గోతిలోంచి పైకి రావడమేంటి, ముగింపు అలా గాల్లో వదిలేయడమేంటి. అన్నీ నిజమే. నేనేం కాదనను.

కానీ ఆ సినిమాలో జరుగుతున్నదేంటి? మూడు హత్యలు. తుపాకీ మీద లిస్బెత్ వేలిముద్రలు. ఇంక చూడండి, ఆమె చిన్నప్పటి మెంటల్ ఆస్పత్రి రికార్డులు బయటికొస్తాయి, పేపర్లు రెచ్చిపోతాయి, పోలీసులు వెంటపడతారు. ఊరందరికీ ఆ అమ్మాయి మీద ఒక అభిప్రాయం ఉంటుంది. ఆమెకి ఏం జరిగిందో మాత్రం ఎవరూ అడగరు. మొదటి భాగంలో పజిల్ విప్పిన మనిషి, రెండో భాగంలో తనే పజిల్ అయి కూర్చుంది.

ఇప్పుడు మా మావయ్య కోసి పారేయమన్న ఆ మొదటి గంట గుర్తు చేసుకోండి. అందులో ఉన్నది కూడా అదే కదా! ఆరేళ్ళయినా పోలీసుల్ని చూస్తే వణికిపోయే పిల్ల, ఫిట్స్, నిద్రపట్టని తల్లి, తాగుడికి అలవాటుపడ్డ తండ్రి. ఆ కుటుంబం గురించి, ఆ పిల్ల గురించి ఊళ్ళో తలో మాట. అదే కథ. మనం మాత్రం, "ఇంతకీ శవం దొరుకుతుందా లేదా" అని గడియారం చూసుకుంటూ కూర్చున్నాం.

మన భాషలో చెప్పాలంటే మొదటి భాగం రిలీజు, రెండో భాగం ప్రొడక్షన్ సపోర్టు. రిలీజు రోజు కేకు కోస్తారు, ఫొటోలు దిగుతారు. ఆ తర్వాత రాత్రి రెండింటికి ఫోనొస్తే లేచేవాడి మొహం ఎవరూ చూడరు. నేరం కూడా అంతే అనుకుంటా. ఎవరు చేశారన్న కుతూహలం నాలుగు రోజులు. దాన్ని మోసుకు తిరగడం మిగిలినవాళ్ళకి ఏళ్ళ తరబడి పని.

ఇది ఊరికే సినిమా కబురు కాదు. 2014 జనవరిలో, క్రిస్మస్ సెలవులకి ఇంటికొచ్చి ముంబై తిరిగెళ్ళిన మా వైపు అమ్మాయి అక్కడ హత్యకు గురైంది. మనలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పేరు రాయను. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నా. మా వీధిలో పది రోజులు అదే మాట. ఒక్కత్తే ఎందుకెళ్ళింది, అంత పొద్దున్నే స్టేషన్ బయటికి ఎందుకొచ్చింది. నిజం ఒప్పుకోవాలి, క్లాసులో ఆ ప్రశ్నలు నేనూ అడిగాను. చంపినవాడి గురించి కాదు, చచ్చిపోయిన అమ్మాయి గురించి.

ఒకతన్ని పట్టుకున్నారు. 2015లో ముంబై కోర్టు ఉరిశిక్ష వేసింది, 2018లో హైకోర్టు సరేనంది. 2025 జనవరి 28న సుప్రీంకోర్టు అతను నిర్దోషి అని వదిలేసింది. ప్రాసిక్యూషన్ నేరాన్ని అనుమానం లేకుండా నిరూపించలేకపోయింది. సీసీటీవీ ఫుటేజీకి ఎవిడెన్స్ యాక్ట్ 65బి కింద ఉండాల్సిన సర్టిఫికెట్ కూడా లేదు. డేటా ఉంది, అది అసలుదేనని చెప్పే కాగితం లేదు. ఆ కాగితం విలువ మనకి వేరే చెప్పక్కర్లేదు. తీర్పు తప్పని నేననట్లేదు. అనుమానం మిగిలితే ఉరి తీయకూడదు, నిజమే. కానీ ఆ ఇంటికి రెండో భాగం ఇలా వచ్చింది, పదకొండేళ్ళకి, ఎవరు చేశారన్న ప్రశ్న మళ్ళీ మొదటికి. ఇక్కడ ట్విస్టు చూసి చప్పట్లు కొట్టగలమా?

ఇంకొకటి. ఆ ఏడాదే మా పిన్ని కూతురికి క్యాంపస్‌లో పుణెలో ఉద్యోగమొచ్చింది. పంపలేదు. "పేపర్లో చూశావుగా" అన్నారు. పంపొద్దన్నవాళ్ళలో మా ఇంట్లోవాళ్ళూ ఉన్నారు. తర్వాత అక్క గుడివాడలోనే ఏదో స్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేరింది. నాకు నాలుగేళ్ళ తర్వాత అదే పుణెలో ఆఫరొస్తే స్టేషన్‌కొచ్చి మరీ ఎక్కించారు.

అందుకే అంటున్నా, సీక్వెల్‌కి మార్కులేసేటప్పుడు ట్విస్టుకే మొత్తం వేసెయ్యకండి. దృశ్యం 2లో ఆ ప్లానంతా కుదరడం నాకూ నమ్మబుద్ధి కాదు. స్వీడిష్ సినిమా చాలాచోట్ల టీవీ సీరియల్‌లాగే నడుస్తుంది. తిట్టండి, తప్పులేదు. కానీ "సాగదీశారు" అనే ముందు, సాగింది ఎవరి బతుకో ఒకసారి చూడండి. ఆ రోజు మా ఇంట్లో అందరిలోకీ సరిగ్గా సినిమా చూసింది మా అమ్మే. మేం నవ్వాం.

అన్నట్టు, ఆ రోజు ఆ పిల్లని పోలీసులు ప్రశ్నలడిగే సీను వచ్చినప్పుడు మా అక్క లేచి వంటింట్లోకెళ్ళింది. పకోడీలు తేవడానికేమో అనుకున్నాం. సినిమా ఎలా ఉందని ఆమెని మాత్రం ఎవరం అడగలేదు. ఈ పండక్కి వెళ్ళినప్పుడు అడగాలి.