దివాలా కమిటీలో కార్మికుడికి ఓటు కావాలి

సంపాదకుడికి,



బోధన్‌లోని నిజాం చక్కెర ఫ్యాక్టరీని మళ్లీ తెరుస్తామన్న హామీ ఏళ్ల తరబడి వింటున్నాం. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందిన ఫ్యాక్టరీ అది. 2002లో అందులో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లాకౌట్ పడింది. ఆ తర్వాత దివాలా కేసు జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ హైదరాబాద్ బెంచికి చేరి, 2019లో లిక్విడేషన్ దాకా, అంటే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే దాకా వెళ్లింది. అదే బెంచి ముందుకు వచ్చిన సిర్పూర్ కాగితం మిల్లు కథ మాత్రం వేరు. 2014లో మూతపడిన ఆ మిల్లును 2018లో జేకే పేపర్ తీసుకుంది. రాష్ట్ర ప్రభుత్వం రాయితీలు ఇచ్చింది. కాగజ్‌నగర్‌లో మళ్లీ మిషన్లు తిరిగాయి.

ఒకే దివాలా చట్టం కింద ఒక ఫ్యాక్టరీ బతికింది, ఇంకొకటి అమ్మకానికి వచ్చింది. ఏది బతకాలో, ఏది పోవాలో తేల్చే చోట కార్మికుడికి ఓటు లేదన్నదే నా అభ్యంతరం.

2016 దివాలా చట్టం ప్రకారం కంపెనీ భవిష్యత్తు రుణదాతల కమిటీ చేతిలో ఉంటుంది. అందులో ఓట్లు బ్యాంకులవి, ఆర్థిక సంస్థలవి. ఎవరి అప్పు ఎంతో వారి ఓటు అంత. 66 శాతం ఓట్లు పడితే కంపెనీని నిలబెట్టే ప్రణాళికకు కమిటీ ఆమోదం దొరికినట్టే. జీతం రావాల్సిన కార్మికుడిని మాత్రం చట్టం సరుకు అరువిచ్చిన వ్యాపారి వరసలో కూర్చోబెట్టింది. ఈ వరస వాళ్లందరి బాకీ కలిపి మొత్తం అప్పులో పదో వంతు ఉంటేనే వాళ్ల ప్రతినిధికి సమావేశంలో చోటు. అప్పుడు కూడా ఓటు ఉండదు.

కార్మికులకు రక్షణ ఉంది కదా అని కొందరంటారు. నిజమే, లిక్విడేషన్‌లో 24 నెలల జీతం బకాయిని తాకట్టు ఉన్న బ్యాంకు అప్పుతో సమానంగా చూడాలి. పీఎఫ్, గ్రాట్యుటీ నిధులను అప్పులవాళ్లు ముట్టుకోకూడదు. కానీ యాజమాన్యం అసలు గ్రాట్యుటీ నిధే పెట్టకపోతే కార్మికుడు మళ్లీ కోర్టు మెట్లెక్కాల్సిందే. పైగా దివాలా ప్రక్రియ నడిచే కాలానికి, నిజంగా పని చేసినవాళ్ల జీతాలనే ముందు చెల్లించాల్సిన ఖర్చుగా లెక్కగట్టాలని ఏబీజీ షిప్‌యార్డ్ కేసులో 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. గేటుకు తాళం వేసేది యాజమాన్యం. పని లేక నష్టపోయేది కార్మికుడు. ఇది న్యాయమా?

బ్యాంకుల సొమ్ము కూడా జనం సొమ్మే, ఎక్కువమందికి ఓటిస్తే నిర్ణయం ఆలస్యమవుతుందన్న వాదన ఉంది. అది తోసిపుచ్చేది కాదు. అయితే బ్యాంకు తాకట్టు పెట్టుకుని, వడ్డీ లెక్కగట్టి అప్పిస్తుంది. కార్మికుడు తాకట్టూ వడ్డీ లేకుండా నెలల తరబడి తన కష్టాన్ని అరువిస్తాడు. ఏ మిషన్ నడుస్తుందో, ఏది తుక్కు కింద పోతుందో షాపు ఫ్లోర్‌లో ఉన్నవాడికే ముందు తెలుస్తుంది. ఆ మాట కమిటీలో వినబడితే నిర్ణయం మెరుగవుతుంది. యాజమాన్యంలో కార్మికులకు భాగస్వామ్యం కల్పించాలని, 1976 సవరణతో రాజ్యాంగంలో చేరిన 43ఏ అధికరణ చెబుతూనే ఉంది.

హైదరాబాద్ పాతబస్తీ వాళ్లకు ఇది దూరపు సంగతి కాదు. ఉప్పుగూడ, ఫలక్‌నుమా, లాల్‌దర్వాజా నుంచి ఎందరో పొద్దున్నే కాటేదాన్ పారిశ్రామికవాడకు పనికి పోతారు. అక్కడ జీతాలు ఆగితే ఏం దారి? యూనియన్ కూడా దివాలా పిటిషన్ వేయవచ్చని జేకే జూట్ మిల్లు కేసులో 2019లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మరుసటి ఏడాదే, పిటిషన్‌కు కావలసిన కనీస బకాయిని లక్ష రూపాయల నుంచి కోటికి పెంచారు. నలభై మంది పనిచేసే చిన్న కంపెనీలో తలా లక్ష ఎగ్గొట్టినా నలభై లక్షలే అవుతుంది. తీర్పు తెరిచిన తలుపు వాళ్లకు మూసుకుపోయినట్టే.

యూనియన్లకూ ఒక మాట. కేసు మొదలవగానే పత్రికల్లో క్లెయిముల ప్రకటన వస్తుంది. మొదటి గడువు రెండు వారాలే. కార్మికులందరి తరఫున ఒక్క ప్రతినిధే క్లెయిమ్ వేయవచ్చు. అలాంటి సమయంలో జెండాకో లెక్క, సంఘానికో వకీలు అనుకుంటే మిగిలేది నష్టమే. జీతం స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్కులు, హాజరు లెక్కలు కంపెనీ బాగున్నప్పుడే పోగుచేసి పెట్టుకోవాలి. పీఎఫ్ జమ ఆగిన నెలనే యాజమాన్యాన్ని నిలదీయాలి.

తెలంగాణ ఎంపీలను నేను కోరేది రెండే. కార్మికులు ఎన్నుకున్న ప్రతినిధికి రుణదాతల కమిటీలో ఓటు ఇచ్చేలా చట్టం మార్చమని పార్లమెంటులో అడగండి. జీతం బకాయిల పిటిషన్లకు కోటి రూపాయల పరిమితి తీసేసి, పాత లక్ష పరిమితే పెట్టమనండి. ఏ పార్టీ వారైనా సరే, కార్మికుల ఓట్లతో గెలిచినవారు ఈ ఒక్క ఓటు కోసం గొంతు విప్పాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత కార్మికుడు,
లాల్‌దర్వాజా, పాతబస్తీ, హైదరాబాద్